ఎర్రదీపమునకు పుస్తకము చెప్పు కారణము

ఉన్నత పాఠశాలలో కాంతిని గూర్చిన పాఠము ముగిసిన పిమ్మట తప్పక వచ్చు ప్రశ్న యొకటి కలదు: ప్రమాద సూచనకు ఎర్రదీపమునే ఏల వాడుదురు? దానికి సమాధానము కూడ అంతే స్థిరముగా నున్నది. ఎరుపునకు తరంగదైర్ఘ్యము ఎక్కువ. కనుక అది తక్కువగా పరిక్షేపణము చెందును. కనుక పొగలోను, మంచులోను దూరమునకు కనిపించును. మూడు చిన్న వాక్యములు, రెండు మార్కులు. కామారెడ్డిలో చదువు విద్యార్థి యైనను, ఎల్లారెడ్డిలో చదువు విద్యార్థి యైనను దీనినే వ్రాయును. రాష్ట్రమంతట వ్రాయునదియు ఇదియే.

ఈ రెండు ఊళ్ల విద్యార్థులకు ఒక భేదము మాత్రము కలదు. కామారెడ్డి సికింద్రాబాదు నుండి నిజామాబాదు వైపు పోవు రైలుమార్గము మీది ఊరు. ఎల్లారెడ్డికి రైలు లేదు. అక్కడి విద్యార్థికి సిగ్నలు దీపము చాలవరకు పుస్తకములోని వస్తువే. పుస్తకము పొరపాటు చెప్పినచో కంటితో సరిచూచుకొను వీలు తక్కువ. కామారెడ్డి విద్యార్థికి ఆ వీలున్నది. అయినను అతడు చూచిన దానిని వదలి చదివిన దానినే వ్రాయుచున్నాడు. ఇది మరింత విచారింపదగిన సంగతి. కావున ఈ మూడు వాక్యములనే ఒకసారి పరీక్షకు కూర్చుండబెట్టుట మంచిది. వానిలో సత్యము లేకపోలేదు. ఉన్న సత్యము చిన్నది. దానిపై కట్టిన మేడ పెద్దది.

మొదట ఆ దీపమెట్టిదో తెలియవలెను. హైదరాబాదు–గోదావరి లోయ రైలుమార్గమను పేర సికింద్రాబాదు నుండి మన్మాడు వరకు వేసిన మీటరుగేజి దారి 1901 నాటికి పూర్తియైనది. కామారెడ్డి ఆ దారిలోనిదే. దానిని తొలుత నిజాము హామీ రైల్వే కంపెనీ నడపెను. 1930లో నిజాము ప్రభుత్వము తీసికొనెను. 1951లో అది సెంట్రల్ రైల్వేలోను, 1966లో దక్షిణ మధ్య రైల్వేలోను చేరినది. పిదప దారి బ్రాడుగేజిగా మారినది. యజమానులు మారుచున్నను, చాలకాలము వరకు రాత్రివేళ బండిని ఆపుటకును పంపుటకును ఆధారము ఒక్కటే. అది గ్యాసునూనెతో వెలుగు దీపము.

గార్డు, పాయింట్స్‌మన్, గేట్‌మన్ చేతబట్టెడి ఆ దీపము ఇంటిలోని కందిలివలె నలుదిక్కుల వెలుగు చిమ్మునది కాదు. రేకుపెట్టెలో చిన్న ఒత్తి. ముందు ఉబ్బెత్తు కటకము. ఒత్తికిని కటకమునకును నడుమ గుండ్రముగా తిరుగు ఒక అర. ఆ అరలో ఒకప్రక్క ఎర్ర అద్దము, ఒకప్రక్క ఆకుపచ్చ అద్దము, ఒకప్రక్క రంగులేని ఖాళీ. పైభాగమును త్రిప్పినచో కావలసిన రంగు కటకము వెనుకకు వచ్చును. ఒకే మంట మూడు మాటలు చెప్పును.

మంటను కటకము యొక్క నాభి దగ్గర నుంచుటచే కిరణములు ఇంచుమించు సమాంతరముగా బయలుదేరును. ఒత్తి చిన్నదైనను, ఆ ఒక్క దిక్కున నిలిచి చూచువానికి దాని వెలుగు ఎన్నో రెట్లు హెచ్చినట్లుండును. ఈ లాభముతో పాటు నష్టమును కలదు. కిరణపుంజమునకు ప్రక్కగా నున్న డ్రైవరుకు అదే దీపము మసకగా తోచును. అందుచే దీపమును బండివైపు సరిగా గురిపెట్టి పట్టుకొనుట చేతితో నేర్చుకొనవలసిన పని. ఒత్తి ఎగిసి మసి పట్టిన నాడు, కటకము తుడువని నాడు ఏ రంగైనను దూరము పోదు. ఒత్తులు కత్తిరించి, అద్దములు తుడిచి, నూనె పోసి, సాయంకాలము సిగ్నలు స్తంభములెక్కి దీపములు పెట్టుటకే స్టేషన్లలో లాంప్‌మన్ అను ఉద్యోగి యుండెడివాడు. ఎర్రదీపము దూరమునకు కనిపించుటకు గల కారణములలో ఇతని చేతిగుడ్డ యొకటి. పాఠములో అతని ఊసు లేదు.

ఇక సమాధానమునకు వత్తము. దానికి మొదటి చిక్కు కాలక్రమములోనే కలదు. ఇంగ్లాండులో లివర్‌పూల్–మాంచెస్టరు రైలుమార్గము 1830లో తెరువబడినది. 1841లో బర్మింగ్‌హాములో కూడిన రైల్వే కంపెనీల వారు ఎరుపు అపాయమునకు, ఆకుపచ్చ జాగ్రత్తకు, తెలుపు నిరపాయమునకు గుర్తులుగా నుండవలెనను పద్ధతిని ముందుకు తెచ్చిరి. ఆకాశపు నీలిమకు కారణమును వెదకుచు, మిక్కిలి సూక్ష్మమైన కణములవలన కలుగు పరిక్షేపణము తరంగదైర్ఘ్యపు నాల్గవ ఘాతమునకు విలోమానుపాతములో నుండునని జాన్ విలియం స్ట్రట్ చూపినది 1871లో. ఈయనయే తరువాత లార్డ్ రేలీగా ప్రసిద్ధుడైనాడు. ముప్పది ఏండ్ల పిమ్మట పుట్టబోవు సూత్రమును చదివి ఎవరును రంగును ఎన్నుకొనజాలరు. నెత్తురు, నిప్పు ఎరుపే గదా! ఆ రంగు అపాయపు గుర్తుగా జనుల మనసులలో రైలు పుట్టుటకు ముందే నాటుకొని యుండెను.

ఎన్నిక యాదృచ్ఛికమైనను దానికి భౌతిక కారణము తరువాత దొరకినది గదా యని పుస్తకము పక్షము వారు వాదింపవచ్చును. ఈ వాదము న్యాయమైనదే. కాని దానిని లెక్కతో తూచవలెను. ఎరుపు తరంగదైర్ఘ్యమును 650 నానోమీటర్లు గాను, ఆకుపచ్చను 530 గాను తీసికొందురు. రేలీ సూత్రము ప్రకారము ఆకుపచ్చ ఎరుపుకంటె సుమారు రెండుంబావు రెట్లు ఎక్కువ చెదరును. ఇంతవరకు పుస్తకము సరియే. అయితే ఎంతలో రెండుంబావు రెట్లు? నిర్మలమైన గాలిలో ఒక కిలోమీటరు పోవునప్పటికి ఆకుపచ్చ కాంతిలో నూటికి ఒకటింబావు పాలు మాత్రమే చెదరిపోవును. ఎరుపులో నూటికి అరపాలుకు కొంచెము పైగా. వేయి మీటర్లకు ఎరుపునకు కలిగిన లాభము నూటికి ఒక పాలైనను లేదు! ఒత్తి కొంచెము వంకరగా కత్తిరించినచో కలుగు నష్టము ఇంతకు మించి యుండును.

అస్తమించు సూర్యుడు ఎర్రబడుట చూపి విద్యార్థిని ఒప్పించుట వాడుక. అది నిజముగా పరిక్షేపణము పనియే. కాని దిగంతమున నున్న సూర్యుని కిరణము, నడినెత్తి నున్నప్పటికంటె దాదాపు నలుబది రెట్ల గాలిని దాటి రావలెను; నేలమట్టపు గాలిగా లెక్కించినచో అది సుమారు 300 కిలోమీటర్ల మందము. డ్రైవరుకును దీపమునకును నడుమ అట్టి గాలి ఎక్కడిది? కామారెడ్డి స్టేషనులో చూపిన చేతిదీపము కనబడవలసినది ఒక కిలోమీటరు లోపలి వానికే. మూడువందల కిలోమీటర్లకు చెల్లిన న్యాయమును ఒక కిలోమీటరుకు తెచ్చుట అన్యాయము.

ఇంకొక ప్రక్క పుస్తకము మరచిన ఖర్చు కలదు. దీపము ముందున్న ఎర్ర అద్దము కాంతిని ఎర్రగా మార్చదు. ఎరుపు కాని దానిని మ్రింగివేయును. అద్దము ఛాయను బట్టి కంటికి తగులవలసిన వెలుగులో నాలుగింట మూడు పాళ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, అక్కడనే ఆగిపోవును. పోగొట్టుకొన్నది రూపాయిలో ముప్పాతిక. గాలిలో మిగుల్చుకొన్నది పైసా కంటె తక్కువ. కన్ను కూడ ఎరుపుపట్ల ఉదారము కాదు. పగటి చూపునకు 555 నానోమీటర్ల దగ్గర, అనగా పసుపు కలిసిన ఆకుపచ్చ దగ్గర, సున్నితత్వము అత్యధికము. సమాన శక్తి గల 530, 650 నానోమీటర్ల కాంతులలో రెండవది కంటికి మొదటి దానిలో ఎనిమిదవ వంతుగా తోచును. చీకటికి అలవాటుపడిన చూపునకు గరిష్ఠ సున్నితత్వము 507 దగ్గరకు జరుగును. అప్పుడు ఎరుపు మరింత వెనుకబడును. కాబట్టి ఆ మూడు రంగులలో మిక్కిలి దూరము కనిపించునది ఎరుపు కాదు. అద్దము లేని తెలుపు. ఈ మాట చేతిదీపము పట్టిన ఏ గ్యాంగ్‌మన్ నడిగినను చెప్పియుండును.

పొగమంచు సంగతి ఇంతకంటె ముఖ్యమైనది. ఇది మార్కుల సమస్య మాత్రమే కాదు గనుక దీనిపై కొంత నిలువవలెను. రేలీ సూత్రము తరంగదైర్ఘ్యము కంటె మిక్కిలి చిన్నవైన కణములకే చెల్లును. పొగమంచులోని నీటిబిందువులు సామాన్యముగా పది మైక్రోమీటర్ల ప్రాంతమువి. ఎర్రకాంతి తరంగదైర్ఘ్యము 0.65 మైక్రోమీటరు. బిందువు తరంగమునకు పదిహేను రెట్లు. ఇంతటి బిందువు ఎరుపని నీలమని చూడదు. అన్నిటిని ఇంచుమించు సమానముగా చెదరగొట్టును. అందుచేతనే మంచు తెల్లగా నున్నది. ఎరుపును వదలిపెట్టి తక్కిన రంగులనే చెదరగొట్టునదైనచో మంచు నీలముగా కనిపింపవలెను గదా! పుష్యమాసపు తెల్లవారుజామున నిజాంసాగరు పరిసరములలో వరిమళ్లపై నిలిచిన మంచును చూచిన ఎల్లారెడ్డి విద్యార్థికి ఈ ఒక్క ప్రశ్న చాలును.

రైల్వేలవారు ఈ విషయమును సూత్రములు లేకయే గ్రహించిరి. 1841లోనే ఎడ్వర్డ్ ఆల్ఫ్రెడ్ కౌపర్ అను ఇంగ్లీషు ఇంజనీరు పట్టాపై బిగించు టపాకాయను కనిపెట్టెను. బండిచక్రము దానిపై ఎక్కగానే అది ప్రేలును. డ్రైవరు చెవితో విని జాగ్రత్తపడును. దానికి ఫాగ్ సిగ్నలు అని పేరు. ఉత్తర భారతమున శీతకాలములో దట్టమైన మంచు పట్టినపుడు సిగ్నలుకు ముందు ఇట్టి టపాకాయలను పట్టాలపై ఉంచు పద్ధతి మన రైల్వేలలోను కలదు. ఎరుపు మంచును చీల్చుకొని పోవునదే యైనచో ఈ టపాకాయతో పని ఏమి? పుస్తకము ఎర్రదీపమును నమ్మమనుచున్న చోటనే రైల్వే నిబంధన దానిని నమ్మవలదనుచున్నది. ఈ వాక్యమును చదివి పెద్దవాడైన విద్యార్థి రేపు 44వ జాతీయ రహదారిపై లారీ నడపవచ్చును. ట్రాక్టరు వెనుక ఒక చిన్న ఎర్ర బిళ్ల నంటించి, మంచులో అది చాలునని నమ్మవచ్చును. తప్పు కారణమునకు ధర అక్కడ చెల్లింపవలసి వచ్చును.

సన్నని ధూళి, పలుచని పొగ ఉన్న గాలిలో ఎరుపునకు కొంత మేలు నిజముగా కలదని ఒప్పుకొనవలెను. ఆ కణములలో చాల భాగము తరంగదైర్ఘ్యము కంటె చిన్నవి. కాని అద్దము మ్రింగిన దానిని అది పూడ్చజాలదు.

అట్లయిన ఎర్రదీపము నూటేబది సంవత్సరములకు పైగా ఎట్లు పని చేసినది? కారణమును గాలిలో వెదకుటయే పొరపాటు. అది మంటలోను, కంటిలోను ఉన్నది. గ్యాసునూనె మంటలో వెలుగునది సుమారు 1900 కెల్విన్ వేడిలో నున్న మసి రేణువులు. ఆ వేడికి వికిరణ సూత్రముతో లెక్కించినచో, 530 నానోమీటర్ల దగ్గర ఉన్న శక్తికి 650 దగ్గర ఐదు రెట్లున్నది. 450 దగ్గరి నీలమునకు ఇరువదియైదు రెట్లకు పైగా ఉన్నది. అనగా మంట తనంతట తానే ఎరుపునందు సంపన్నము, నీలమునందు దరిద్రము. కన్ను ఎరుపునకు ఎనిమిదవ వంతు మర్యాద చేసినను, మంట ఐదు రెట్లు పంపి ఆ లోటును చాలవరకు తీర్చును. నీలపుటద్దము పెట్టినచో దీపము ఆరినట్లే యుండును. ఆపుమను గుర్తుకు నీలమును ఎన్నుకొనియున్నచో ఆనాటి దీపములతో రైళ్లు నడచుట దుర్ఘటము.

కంటి ఉపకారము ఇంకొకటి. నేత్రపటలములో మసక వెలుగును పట్టునవి దండకణములు. వానికి రంగు తెలియదు. రంగు తెలిసినవి శంకుకణములు. వానికి కొంత ఎక్కువ వెలుగు కావలెను. దూరపు ఆకుపచ్చ దీపము మొదట దండకణములకే తగిలి, రంగులేని వెలుగుగా తోచి, దగ్గరైన కొలది ఆకుపచ్చ యగును. గాఢమైన ఎరుపునకు దండకణములు దాదాపు స్పందింపవు. కాబట్టి ఎర్రదీపము కనిపించినదనగా శంకుకణములతో కనిపించినదే. కనిపించిన క్షణముననే ఎర్రగా కనిపించును. దూరము తక్కువ కావచ్చును, సందేహము తక్కువ. సిగ్నలుకు కావలసిన గుణము ఇదియే. పరిక్షేపణమునకు బదులు ఈ రెండు సంగతులు పాఠములో చెప్పినచో, వికిరణము, నేత్రము అను రెండు పాఠములు ఒకదానితో నొకటి కలిసికొనెడివి.

రంగుల చరిత్రలో పుస్తకము ఎన్నడును చెప్పని మరియొక ఘట్టము కలదు. మొదట తెలుపు నిరపాయమునకు గుర్తనిరి గదా. ఎర్ర అద్దము పగిలి రాలిపడినచో మిగులునది తెల్లని వెలుగే! ఆపుమనవలసిన సిగ్నలు పొమ్మని చెప్పును. ఊళ్లలో దీపములు పెరిగిన కొలది ఇంటి దీపమేదో సిగ్నలు దీపమేదో తెలియని చిక్కు కూడ వచ్చినది. 1890 దశాబ్దము నాటికి ఇంగ్లాండులో తెలుపును తొలగించి ఆకుపచ్చను నిరపాయమునకు తెచ్చిరి. జాగ్రత్తకు పసుపుపచ్చ ఆ తరువాత వచ్చినది. పరికరము చెడిపోయినచో చెడుపు క్షేమము వైపే మొగ్గవలెనను ఇంజనీరింగు సూత్రమునకు ఇంతకంటె చక్కని ఉదాహరణము పదవ తరగతి పిల్లలకు దొరకదు.

ఆ ఆకుపచ్చ అద్దములోను ఒక వింత కలదు. పాత దీపములోని ఆకుపచ్చ అద్దమును బయటకు తీసి పగటివెలుగునకు పట్టి చూచినచో అది నీలము కలిసినట్లుండును. అద్దము చేసినవారి పొరపాటు కాదు. మంట పసుపువన్నెది గనుక, శుద్ధమైన ఆకుపచ్చ అద్దము దాని ముందు పసుపునకు దగ్గరగా తోచి తెలుపుతో కలసిపోవును. అద్దములో కొంత నీలముంచినచో మంట పసుపును అది తగ్గించి, దూరమునకు ఆకుపచ్చను పంపును. రంగు అద్దములోనే లేదు, మంటలోనే లేదు. రెండింటి గుణకారములో ఉన్నది.

ఎరుపు, ఆకుపచ్చల జంటపై శాస్త్రజ్ఞులు చేసిన విమర్శ ఒకటి పాతదే. రంగు గ్రుడ్డితనములలో సామాన్యమైనది ఈ రెండింటిని వేరుపరుపలేని రకమే; అది పురుషులలో ఎక్కువ. ఇంజను నడపువారందరు పురుషులై యున్న కాలమున ఇది చిన్న విషయము కాదు. 1875 నవంబరులో స్వీడన్‌లోని లాగర్లుండా దగ్గర రెండు రైళ్లు ఢీకొన్న పిమ్మట, ఫ్రితియోఫ్ హోల్మ్‌గ్రెన్ అను శరీరధర్మ శాస్త్రజ్ఞుడు డ్రైవరు రంగు గ్రుడ్డితనమే కారణమై యుండవచ్చునని వాదించి, రంగురంగుల ఊలుదారములతో ఉద్యోగులను పరీక్షించు పద్ధతిని ప్రచారము చేసెను. ఆ ప్రమాదమునకు అదియే కారణమనుటకు ఆధారము చాలదని 2012లో పరిశోధకులు చూపిరి. అయినను పరీక్ష మాత్రము లోకమంతట నిలిచినది. 1917 నాటి ఇషిహారా చుక్కల పటములతోను, రంగుల లాంతరుతోను మన రైల్వేలలో చూపును పరీక్షించుట ఆ వంశములోనిదే.

ఇంత చేసియు రైల్వే రంగునొక్కదానినే నమ్మలేదు. పగటివేళ సిగ్నలు చేయి అడ్డముగా నున్నచో ఆగుమని, వ్రాలినచో పొమ్మని అర్థము. అక్కడ మాట చెప్పునది స్థానము. రాత్రి చేతిదీపములో ఎరుపు లేనిచో, తెల్లని దీపమునే దేహమునకు అడ్డముగా వేగముగా ఊపినను ఆపుమనియే అర్థమని నిబంధన. ఎర్ర అద్దము పగిలిన గ్యాంగ్‌మన్ నిస్సహాయుడు కాడు. అతని చేయి ఉన్నది. పరిక్షేపణముతో ఏ సంబంధము లేని ఈ ఊపు ఎర్రదీపమునకు సమానమైన అధికారము గలది. నేడు సిగ్నళ్లలో ఎల్.ఇ.డి. దీపములు వచ్చి అద్దము మ్రింగుట తప్పినది. 2022 నుండి గార్డును ట్రైన్ మేనేజరనుచున్నారు. ఊపు యొక్క అర్థము మాత్రము అట్లే ఉన్నది.

ఉపాధ్యాయులకు ఇక్కడ ఒక ఇబ్బంది కలదు. విద్యార్థి ఈ సంగతులన్నియు తెలిసి వ్రాసినచో, సమాధాన పత్రములో పరిక్షేపణమను మాట లేదని మార్కు తగ్గు భయము. ఆ భయము తీరువరకు తరగతిలో రెండు పనులు చేయవచ్చును. మొదటిదానికి చీకటి గది, ఒక క్రొవ్వొత్తి, ఒక తెల్లని ఎల్.ఇ.డి. టార్చి, ఎరుపు, ఆకుపచ్చ, నీలము రంగుల పారదర్శక కాగితములు చాలును. మంటకు దూరముగా, ఉపాధ్యాయుని ఎదుట, ఒక్కొక్క కాగితము గుండా రెండు దీపములను చూడవలెను. నీలము గుండా క్రొవ్వొత్తి దాదాపు మాయమగును, టార్చి ప్రకాశించును. ఎరుపు గుండా క్రొవ్వొత్తి తన వెలుగులో మంచి భాగమును నిలుపుకొనును. దూరము ఒకటే, గాలి ఒకటే. మారినది దీపము మాత్రమే.

రెండవది చాల బడులలో ఇప్పటికే చేయుచున్నదే: గాజుగ్లాసు నీటిలో కొన్ని పాలచుక్కలు వేసి, వెనుకనుండి టార్చి వెలిగించి, వెలుగు ఎర్రబడుట చూపుట. సాధారణముగా అక్కడ ఆపివేయుదురు. ఆపక, చుక్క చుక్కగా పాలు పోయుచునే యుండవలెను. ఎరుపు మొదట ముదురును; పిమ్మట మసకబడును; తుదకు టార్చి ఏ రంగుగాను కనిపింపదు, గ్లాసంతయు తెల్లగా నిండును.